సీసాలో లేని నలుపు



పాపిట దగ్గర తెల్లగీత కనబడగానే బజారు నుంచి రంగు పెట్టె తెప్పించుకుంటాం కదా, అందులోని సీసాలు ఎప్పుడైనా పరకాయించి చూశారా? ఒకదాంట్లో తెల్లటి క్రీము, రెండోదాంట్లో నీళ్లలాంటిదో పాలలాంటిదో ఉంటుంది. నలుపు మాత్రం కనబడదు. మరి తలమీదికి ఎక్కడినుంచి వస్తుంది?

వంకాయ తరిగి నీళ్లలో వెయ్యడం మరిచిపోతే ముక్కలు నల్లబడిపోతాయి. గాలిలోని ప్రాణవాయువు వంకాయలోని పదార్థాలతో కలిసి ఆ రంగు పుట్టిస్తుంది. తలరంగు సంగతీ దాదాపు ఇదే వరస.

1818లో ఫ్రాన్సు దేశంలో తెనార్ అనే శాస్త్రజ్ఞుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేశాడు. నీళ్లలో ఉన్నదానికంటె ఇందులో ప్రాణవాయువు ఒక పాలు ఎక్కువ. జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్‌ను ఇది విరగ్గొడుతుంది. 1867 పారిస్ ఎగ్జిబిషన్‌లో దీనితో జుట్టును బంగారు వన్నెకు తెచ్చి చూపించారు. అలా పోయిన నలుపు ఆ వెంట్రుకకు మళ్లీ రాదు, కొత్తగా మొలిచే జుట్టుకు రావలసిందే.

ఈలోగా, 1863లో, లండనులో ఉన్న జర్మన్ శాస్త్రజ్ఞుడు హాఫ్‌మన్ మరో సంగతి గమనించాడు. పారాఫినిలీన్‌డైఅమీన్ అనే పదార్థం (పేరు నోరు తిరగకపోతే పి.పి.డి. అనండి, చాలు) ప్రాణవాయువు తగిలితే ముదురు రంగుకు తిరుగుతుంది. పెట్టెలోని క్రీములో సాధారణంగా ఉండేది ఇదీ, దీని చుట్టాలూను. క్రీములోని అమోనియా వెంట్రుక పైపొలుసులను విప్పుతుంది. రంగులేని చిన్న అణువులు లోపలికి దూరతాయి. పెరాక్సైడ్ తగలగానే ఒకదానితో ఒకటి ముడిపడి పెద్దవై నల్లబడతాయి. దూరిన దారిన ఇక బయటికి రాలేవు. తలంటుకున్నా రంగు పోదెందుకో తెలిసింది కదూ!

అయితే ఇది అందరి ఒంటికీ పడదు. 1909లో పారిస్‌లో షుల్లర్ అనే రసాయనజ్ఞుడు రంగుల కంపెనీ పెట్టి, దాని పేరులోనే "నిరపాయకరమైన" అనే మాట చేర్చుకున్నాడు. అప్పటి ఆడవాళ్లకు తలరంగు అంటే ఎంత భయమో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. ఆ భయం ఉత్తది కాదు. 1933లో అమెరికాలో పి.పి.డి. కలిసిన "లాష్ లూర్" అనే రంగును కనురెప్పల వెంట్రుకలకు వేయించుకుని ఒకామె చూపు పోగొట్టుకుంది. మరొకామె ప్రాణమే పోయింది. 1938లో అక్కడ కొత్త చట్టం వచ్చాక, ముందుగా పరీక్ష చేసుకోవాలనీ, కనుబొమలకూ రెప్పలకూ వాడరాదనీ పెట్టెమీద అచ్చువేయడం మొదలైంది. మన దేశపు నిబంధనల్లోనూ ఆ హెచ్చరిక ఉంది. చిన్న అక్షరాలు కాబట్టి మనం చదవం, అంతే!

ఆ పరీక్ష కష్టమేమీ కాదు. కలిపిన రంగు రవ్వంత చెవివెనక రాసి, ఒక రోజు చూడండి. దురద, దద్దుర్లు, వాపు వస్తే ఆ రంగు మీకు పడదన్నమాట. ఏళ్ల తరబడి వాడినవారికీ ఒక్కోసారి హఠాత్తుగా పడకపోవచ్చు కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి.

"మాది గోరింటాకేనండీ" అని నల్లటి పొడి అమ్మేవాళ్లుంటారు. గోరింటాకు ఎర్రగా పండుతుందేగాని నల్లగా పండదు. పైన నీలిఆకు పొడి పెడితే నలుపెక్కుతుంది, కాని దానికి గంటలు కావాలి. పావుగంటలో తల నల్లబడిందంటే ఆ పొట్లంలో పి.పి.డి. ఉందేమోనని అనుమానించండి.