సాకటోన్ ఊరి బోర్డు మీద రెండు పేర్లు

మా హాస్టళ్ల నుంచి ఏటా కొందరు పిల్లలు సైన్యంలో చేరాలని తెల్లవారుజామునే లేచి పరుగులు తీస్తుంటారు. వాళ్లకు మేము చెప్పే చరిత్రల్లో ఒకటి మన దేశానిది కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, హీలా నది ఒడ్డున బతికే ఆదివాసులది. బయటివాళ్లు వాళ్లను పీమాలన్నారు. వాళ్లు మాత్రం తమను అకిమెల్ ఓఓదమ్ అని చెప్పుకుంటారు. అంటే నది మనుషులు. మన గోండులు తమను కోయతూర్ అని చెప్పుకున్నట్టే.

వాళ్ల ఊళ్లలో సాకటోన్ ఒకటి. అక్కడ అమెరికన్ లీజియన్ 84వ నంబరు పోస్టు ఉంది. పోస్టంటే తపాలా ఆఫీసు కాదు, మాజీ సైనికుల సంఘానికి ఊరి శాఖ. 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పుట్టిన సంఘం అది. శాఖలకు తమ ప్రాంతపు సైనికుడి పేరు పెట్టుకోవడం వాళ్ల ఆనవాయితీ. ఈ పోస్టుది ఐరా హేస్ పేరు. అదే ఊళ్లో అమరుల స్మారక ఉద్యానం బోర్డు మీద మాత్రం ఆయన పేరుకు ముందు ఇంకొక పేరుంది: మాథ్యూ హువాన్.

హువాన్ 1918 మే 28న ఫ్రాన్సులోని కాంటిన్యీ పోరులో చనిపోయాడు. ఆ యుద్ధంలో నేలకొరిగిన మొదటి అరిజోనా సైనికుడు ఆయనే. సైన్యంలో చేరినప్పుడు రాయించుకున్న పేరు మాథ్యూ రివర్స్. రివర్స్ అంటే నదులు. అప్పటికే ఆ నది మనుషులకు నది లేదు. ఒకప్పుడు కాలిఫోర్నియా బంగారం కోసం వెళ్లే బాటసారులకు గోధుమలు అమ్మిన రైతులు వాళ్లు. ఎగువన వలసదారులు కాలువలు తవ్వి నీళ్లు మళ్లించుకోవడంతో పొలాలెండి కరువు పాలయ్యారు.

ఆదివాసులందరికీ పౌరసత్వమిచ్చే చట్టం 1924లో గానీ రాలేదు. అంటే హువాన్ చనిపోయిన ఆరేళ్లకు. ఓటు అప్పుడూ దక్కలేదు. 1928లో ఇద్దరు పీమాలు ఓటు కోసం కోర్టుకెక్కితే, మీరు ప్రభుత్వ సంరక్షణలో ఉన్నవాళ్లు, మీకు ఓటు లేదని అరిజోనా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పును 1948లో అదే కోర్టు కొట్టేసింది. పిల్లలూ, ఈ మూడు సంవత్సరాలూ గుర్తుంచుకోండి. తర్వాత చెప్పబోయేది వీటి పక్కన పెట్టి చదవాలి.

ఐరా హేస్ 1923లో సాకటోన్‌లోనే పుట్టాడు. 1942లో మెరైన్ దళంలో చేరాడు. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా దీవిలో కొండ మీద జెండా నిలబెట్టిన ఆరుగురిలో ఒకడు. ఆ ఫోటో లోకమంతా తిరిగింది. ఆయన్ను యుద్ధం నుంచి వెనక్కి పిలిపించి, యుద్ధ బాండ్ల ప్రచారానికి ఊరూరా తిప్పారు. అంత పేరొచ్చిన మనిషికి సొంత రాష్ట్రంలో అప్పటికి ఓటు లేదు.

ఫోటోలో ఒకరి పేరు తప్పు పడిందని హేస్‌కు తెలుసు. ఆ చోట ఉన్నది టెక్సాస్ కుర్రాడు హార్లన్ బ్లాక్. పైఅధికారికి చెబితే, పేర్లు ప్రకటించేశాం, నోరు మెదపొద్దన్నారు. బ్లాక్ ఆ దీవిలోనే చనిపోయాడు. ఫోటోలో వెనక్కి తిరిగి ఉన్నది తన కొడుకేనని తల్లి అంటూనే ఉంది, ఎవరూ నమ్మలేదు. 1946లో హేస్ కొంత నడిచి, కొంత దారిన పోయే బండ్లెక్కి, దాదాపు 1,300 మైళ్లు పోయి ఆ కుటుంబానికి నిజం చెప్పి వచ్చాడు. 1947లో సైన్యం పేరు సరిదిద్దింది. జెండా ఎత్తడం కంటే ఈ ప్రయాణమే గొప్పదని మా నమ్మకం. జెండా ఎత్తమని ఆజ్ఞ ఉంది, ఇది మాత్రం వద్దన్న పని.

తర్వాత తాగుడు ఆయన్ను మింగేసింది. ఎన్నోసార్లు అరెస్టయ్యాడు. 1955 జనవరి 24న సాకటోన్ దగ్గరే చనిపోయి కనిపించాడు. అప్పటికి 32 ఏళ్లు. ఈ మాట మీ దగ్గర దాచడం మాకిష్టం లేదు. అయితే ఆయన గురించి బయట తాగుబోతు కథే ఎక్కువగా చెప్పారు, టెక్సాస్ ప్రయాణం తక్కువగా.

ఆ ఫోటోలో పేర్లు ఇంకా రెండుసార్లు, 2016లో, 2019లో మారాయి. హేస్ పేరు మారలేదు. ఏటా ఫిబ్రవరిలో సాకటోన్‌లో ఆ జెండా రోజును జరుపుతారు, దూరాల నుంచి మాజీ మెరైన్లు వస్తారు. ఉద్యానం బోర్డు మీద మొదటి పేరు రివర్స్ అని ఉండదు, హువాన్ అనే ఉంటుంది.