బట్టీకెక్కిన పలకలు

నాగార్జున సాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసి డెబ్బై ఏళ్లు నిండాయి. 1955 డిసెంబరు 10 నాటి ఆ ఘట్టాన్ని తలచుకునే వారంతా నీటి లెక్కలు చెబుతారు. ఇక్కడ రాతి లెక్క కూడా ఒకటుంది. పదో తరగతి పిల్లలు తుల్యం చేసే రసాయన సమీకరణాలు పైకి అంకెలు సర్దే విద్యలా కనిపిస్తాయి గానీ, నిజానికి అవి తూకం చీటీలు. కృష్ణకు రెండు గట్లా పరచుకున్న సున్నపురాయే అందుకు సాక్ష్యం. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు ఇప్పటి సాగర్ దగ్గరి విజయపురిలో శిల్పాలు చెక్కించింది సున్నపురాతి మీదే. సూర్యాపేట దగ్గరి ఫణిగిరి తోరణమూ సున్నపురాయే. తరవాతి వెయ్యేళ్ల పైచిలుకు గురించి ఆధారాలు అక్కడో మాట, ఇక్కడో మాట చెప్పి ఊరుకుంటాయి.

అసలు కథ నదికి దిగువన, అమరావతిలో జరిగింది. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త రాజధాని కట్టించుకుంటున్నప్పుడు, రాళ్ల కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వారు. బయటపడిన స్తూపం పలకలు కొన్ని గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి, ఎన్నో సున్నపు బట్టీకెక్కాయి. ఆ శతాబ్దం చివర ఒకసారి చూసి వెళ్లిన సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో తిరిగొచ్చేసరికి స్తూపం చాలావరకు నాశనమైపోయింది. వెంకటాద్రి నాయుడు తండ్రి పేరున వెలిసిన జగ్గయ్యపేట కోదాడ అవతలే ఉంది. అక్కడి స్తూపాన్ని 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ పరిశీలించేనాటికే పలకలు చాలామటుకు తరలిపోయాయి. ఒక పలక బట్టీలో ఏమవుతుందో చూడండి. అందులో వంద కిలోల కాల్షియం కార్బొనేట్ ఉందనుకుంటే, సుమారు 900 డిగ్రీల వేడికి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దాదాపు సగం తేలికైనా రాయి ఆకారం దాదాపు అలాగే నిలుస్తుంది. నీళ్లు చల్లితే చిటపటమని పగిలి, ఆవిరి కక్కి, పిండిలా రాలిపోతుంది. ఆ 56 కిలోలు 18 కిలోల నీటిని పట్టుకుని 74 కిలోల తడిసున్నమవుతాయి. గోడకెక్కిన ఆ సున్నం ఏళ్ల తరబడి గాలిలోంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ తీసుకుని, 18 కిలోల నీటిని విడిచి, మళ్లీ వంద కిలోల కాల్షియం కార్బొనేట్ అవుతుంది. గ్రాము కూడా పోలేదు. పోయింది పలక మీది శిల్పం. అలాంటప్పుడు ఈ సమీకరణం దేనికని అడగవచ్చు. పరమాణువుల జమాఖర్చే దాని పని. ఆ పని లోపం లేకుండా చేస్తుంది గనకే, అమరావతిలో నష్టం పదార్థానిది కాదు, పనితనానిదని కచ్చితంగా చెప్పగలుగుతున్నాం. సున్నపురాయి కాలితే కోల్పోయేది ఒక వాయువునని ఎడింబరోలో జోసెఫ్ బ్లాక్ తూచి చూపింది 1756లో. ఈ తూకాల శాస్త్రానికి రసాయనవేత్త రిక్టర్ స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టింది 1792లో. దీపాలదిన్నెను తవ్విన దశాబ్దమే అది.

పై సమీకరణంలో తుల్యం చేయడానికేముంది, గుణకాలన్నీ ఒకట్లే కదా అనేవారికి సిమెంటు జవాబు చెబుతుంది. సాగర్ పనులు సాగుతుండగానే 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ వెలిసింది. ఇవతలి గట్టున వాడపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువుల్లోనూ తరవాత సిమెంటు బట్టీలు లేచాయి. సిమెంటుకు బలమిచ్చే ట్రైకాల్షియం సిలికేట్ కోసం ఒక సిలికాకు మూడు కాల్షియం కార్బొనేట్లు కావాలి: 300 పాళ్లకు 60 పాళ్లు కలిస్తే 228 పాళ్ల సిలికేట్, 132 పాళ్ల కార్బన్ డయాక్సైడ్. ఆ మూడింటి లెక్క తప్పి రాయి ఎక్కువైతే కలవని సున్నం మిగిలి, కట్టడం తరవాత ఉబ్బి పగులుతుంది. క్వారీలో వచ్చేది స్వచ్ఛమైన రాయి కాదన్న మాట నిజమే. ఫ్యాక్టరీ ల్యాబుల్లో రాతిపొడిని మళ్లీ మళ్లీ పరీక్షించేది అందుకే. అయితే పాత సున్నపు గోడలా సిమెంటు గోడ తాను విడిచిన వాయువును పూర్తిగా వెనక్కి తీసుకోదు. కొంతే, అదీ నెమ్మదిగా. బట్టీలోంచి వచ్చే సిమెంటు గడ్డలను క్లింకరు అంటారు; టన్ను క్లింకరుకు రాతిలోంచే దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, బొగ్గు పొగ దీనికి అదనం. ఇంధనం మార్చినా ఆ అర టన్ను తగ్గదు. క్లింకరును తగ్గించి 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ అనే బొగ్గు బూడిద కలపడం ఒక దారి. మిర్యాలగూడ పక్కన దామరచర్లలో లేచిన 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం నుంచి ఆ బూడిద దొరుకుతుంది. కాకపోతే ఆ బూడిద కోసం కాలిన బొగ్గుకు వేరే సమీకరణం రాయాలి.