పుట్టుకే అర్హతైన కొలువు: నూజివీడు సీమ కరణీకం

కొలువులో ఆశ్రిత పక్షపాతం నేటి మాటగా వినిపిస్తుంది. నూజివీడు ప్రాంతంలో దాని చరిత్రను వెతికితే ముందుగా ఎదురయ్యేది కరణం కచేరీయే. మేకా వంశీయుల జమీందారీ అయిన ఈ సీమలో మామిడి తోట ఎవరిదో, మెట్ట ఎంతో, శిస్తు బకాయి ఎంతో తెలిపేది కరణం లెక్క. కనుక ఆ లెక్క రాసే చేయి ఎవరిదన్నది రైతుకు బతుకు ప్రశ్న.

కరణం పదవి ఖాళీ అయితే అతని వారసులలోనుంచే జమీందారు ఎంపిక చేయాలనీ, న్యాయస్థానం తీర్పు లేనిదే కరణాన్ని తొలగించరాదనీ 1802 నాటి 29వ రెగ్యులేషన్ నిర్దేశించింది. జమీందారు ఇష్టాయిష్టాలకు పగ్గం వేయడం ఇందులోని మేలు. అయితే ఒకరి అభిమానం ఉన్నచోట వంశం వచ్చి కూర్చుంది. వారసత్వ గ్రామోద్యోగాలపై వచ్చిన 1895 మద్రాసు చట్టం ప్రకారం వారసుడు మైనరైతే అతని పేరు నమోదు చేసి, పని మరొకరిచేత చేయించేవారు. పని తెలిసినవాడు తాత్కాలికుడు, పసివాడు హక్కుదారు!

ఈ పద్ధతిని సుప్రీంకోర్టు ముందు నిలదీసినది గుంటూరు జిల్లానుంచి వెళ్లిన గాజుల దశరథరామారావు వ్యాజ్యం. గ్రామాన్ని విభజించినప్పుడు కొత్త మునసబును పాత ఉద్యోగుల కుటుంబాలనుంచే ఎంచాలన్న 6(1) సెక్షన్, వంశాన్నిబట్టి వివక్ష చూపినంత మేరకు, రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరు 6న తీర్పు వెలువడింది. మునసబుగిరీ రాజ్యం కింది ఉద్యోగమేనని గుర్తించడమే ఇందులో కీలకం. ఇంటి ఆస్తి అనుకున్నది ప్రజల కొలువైంది. అయినా పాత కుటుంబాల పట్టు ఒక్క తీర్పుతో సడలలేదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. గ్రామ లెక్కలను ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది.