మూడు ముళ్ల వేళకి చార్జ్ ఎక్కాలి

పెళ్లిలో మూడు ముళ్లు పడటానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషంలో ఫ్లాష్ ఎన్నిసార్లు వెలుగుతుందో చెబితే చాలు, అది ఏ కాలపు పెళ్లో చెప్పేస్తాను. గోదావరి జిల్లాలో మా పెదనాన్న పెట్టిన స్టూడియోలో పని నేర్చుకుని, ఇప్పటికీ పెళ్లిళ్లు తీస్తున్నవాణ్ణి. మా వృత్తి చరిత్ర నాకు ఫ్లాష్ చరిత్రగానే కనిపిస్తుంది.

మొదట్లో వెలుగంటే మంటే. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీతె, యోహానెస్ గేడికె కలిసి మెగ్నీషియంతో మెరుపు పొడి తయారుచేశారు. న్యూయార్క్ మురికివాడల చీకటి గదుల్ని జేకబ్ రీస్ లోకానికి చూపించింది ఆ పొడి వెలుగులోనే. భగ్గుమని మండి గదంతా పొగ నింపేది. కొబ్బరాకుల పందిట్లో దాన్ని వెలిగించడం ఊహించుకోండి! 1930 ప్రాంతంలో గాజు బల్బు వచ్చాకే ఆ మంట అదుపులోకి వచ్చింది. లోపల పల్చటి రేకు, ఆక్సిజన్. కరెంటు తగలగానే రేకు మండిపోతుంది, బల్బు పారేయాల్సిందే.

ఒక్క బల్బు, ఒక్క ఫొటో. పాత ఆల్బములు తిరగేస్తే దాని ఫలితం తెలుస్తుంది. జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు, రెండు వైపుల చుట్టాల గ్రూపు. వంటవాళ్లు లేరు, మేళం వాళ్లు లేరు, పందిట్లో పరుగులు తీసే పిల్లలు లేరు. వాళ్ల మీద బల్బు ఖర్చుపెట్టమనే ఇల్లు అరుదు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ బల్బులకి అలవాటుపడ్డ కెమెరాలు మాలాంటి స్టూడియోల్లో చాలాకాలం ఉన్నాయి. యాషికా మ్యాట్ లెన్స్ పక్కన చిన్న మీట ఉంటుంది, ఎమ్ అని ఒక వైపు, ఎక్స్ అని మరో వైపు. బల్బు పూర్తిగా రాజుకోవడానికి సెకనులో యాభయ్యో వంతు పడుతుంది కాబట్టి, ఎమ్ మీద పెడితే ముందు బల్బు అంటుకుని, ఆ తర్వాతే షట్టర్ తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ తగిలించి మీట ఎమ్ మీదే వదిలేశారో, షట్టర్ తెరిచేసరికి వెలుగు వచ్చి పోయి ఉంటుంది. రోలులో పన్నెండు ఫొటోలూ గల్లంతే. అందుకే మా పెదనాన్న పెళ్లికి బయల్దేరే ముందు ఆ మీటని వేలితో తడిమి చూడనిదే గడప దాటనిచ్చేవాడు కాదు.

ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌కి దారి వేసినవాడు ఎంఐటీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్గర్టన్. 1930లలోనే కెపాసిటర్‌లో కరెంటు నింపి, వాయువున్న గొట్టంలోంచి ఒక్కసారిగా వదిలాడు. అది భుజాన బ్యాటరీ సంచి వేలాడే పరికరంగా కొన్నాళ్లు నడిచింది. మామూలు స్టూడియోవాడి చేతికి నమ్మకంగా అందింది మాత్రం 1970లలో, వివిటార్ 283తో. నాలుగు పెన్సిల్ సెల్లులు, ఏఎస్‌ఏ 100 ఫిల్ముకి 120 అడుగుల గైడ్ నంబరు. ఆ నంబరుని దూరంతో భాగిస్తే అపర్చర్ వస్తుంది: పదిహేను అడుగుల దూరంలో ఉన్న మనిషికి ఎఫ్8 పెడితే సరి. ముందున్న సెన్సర్ మనిషి మీంచి తిరిగొచ్చే వెలుగు చూసి, చాలనగానే ఆపేస్తుంది. మిగిలిన చార్జ్ అందులోనే ఉంటుంది కాబట్టి దగ్గర ఫొటోలకి వెంటనే సిద్ధం. మొత్తం ఖర్చయితే మాత్రం రెడీ లైటు వెలగడానికి పది సెకన్ల దాకా ఆగాలి. మూడు ముళ్లలో ఒకటి పోయినట్టే.

ఆ సెన్సర్‌తో మన పెళ్లిళ్లలో ఇంకో చిక్కు ఉండేది. వధూవరులు తెల్లటి మధుపర్కాల్లో కూర్చుంటే సెన్సర్ ఆ తెలుపు చూసి తొందరగా ఆపేసేది. ముఖాలు నల్లబడేవి. అందుకని అపర్చర్ అర స్టాప్ ఎక్కువ తెరిచేవాళ్లం. ఏ మాన్యువల్‌లోనూ మధుపర్కాల సంగతి ఉండదు, పందిట్లో నేర్చుకోవాల్సిందే.

డిజిటల్ వచ్చాక ఆ ఫ్లాషే ప్రమాదమైంది. పాత 283లు కొన్నిటిలో కెమెరా కాంటాక్టుల మీద పడే ట్రిగ్గర్ వోల్టేజి రెండొందలు దాటేది. చాలా డిజిటల్ కెమెరాల సర్క్యూట్ దాన్ని తట్టుకోదు. తాతల నాటి ఫ్లాష్ దొరికితే ముందు మీటరు పెట్టి చూడమనే చెబుతాను.

కెమెరా కంపెనీల ఫ్లాష్‌లు చిన్న స్టూడియోలకి అందని రోజుల్లో షెన్‌జెన్ నుంచి యోంగ్‌నువో, గోడాక్స్ వచ్చాయి. గోడాక్స్ వీ860 మార్క్ 2లో లిథియం బ్యాటరీ పెట్టారు, ఫుల్ పవర్‌లోనూ సెకనున్నరకి సిద్ధం. ఇప్పుడు కొనేవాళ్లు నన్ను అడిగితే పెట్టె మీద గైడ్ నంబరు చూసి మోసపోవద్దంటాను. 60 అని (మీటర్లలో) రాసి ఉంటే అది ఎక్కువసార్లు హెడ్‌ని 200 మిల్లీమీటర్ల జూమ్‌కి పెట్టి కొలిచింది. మండపంలో మనం వాడే 35 దగ్గర అందులో చాలా తగ్గుతుంది. కొట్టులోనే ఫుల్ పవర్ మీద వరసగా ఇరవై కొట్టించండి. మొదటిది అన్నీ బాగానే కొడతాయి. ఇరవయ్యోదానికి రెడీ లైటు ఎంతసేపటికి వచ్చిందో, వేడెక్కి ఆగిపోయిందో చూడండి. మిగిలిన డబ్బుతో అదనపు బ్యాటరీ ఒకటి, స్టాండ్ మీద పెట్టడానికి టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్ ఒకటి కొనుక్కోండి. ఆ రెండోదాన్ని వంటశాల వైపు తిప్పి పెట్టండి.