కోనీ ఐలాండ్ సైక్లోన్

తిరునాళ్ళలో రంగులరాట్నం పైనుంచి కిందికి దిగేటప్పుడు గుండె జారినట్టవడం మీకు తెలిసిందే. అమెరికాలో, న్యూయార్క్ నగరపు సముద్రతీరమైన కోనీ ఐలాండ్‌లో అంతకు పదింతలు గుండె జార్చే బండి ఒకటుంది. పేరు సైక్లోన్.

అది 1927 జూన్ 26న మొదలైంది. ఇనుప స్తంభాల మీద చెక్కతో వేసిన దారి. గొలుసు బండిని 85 అడుగుల ఎత్తుకు లాగి వదిలేస్తుంది. ఇంజనేమీ ఉండదు, అక్కడినుంచి దాని బరువే దాన్ని గంటకు 60 మైళ్ళ వేగంతో పరుగెత్తిస్తుంది.

దాని పక్కన అలాంటివే మరి రెండుండేవి. టొర్నాడో 1977లో కాలిపోయింది. థండర్‌బోల్ట్ 1982లో ఆగిపోయింది, 2000లో దాన్ని కూల్చేశారు. సైక్లోన్‌కూ ఆ గతే పట్టవలసింది. 1970ల మొదట్లో, పక్కనున్న చేపల ప్రదర్శనశాలను పెంచడానికి దాన్ని తీసేయాలనుకున్నారు. జనం ఒప్పుకోలేదు. మరమ్మతులు జరిగి 1975లో బండి మళ్ళీ కదిలింది. 1991లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది.

చూశారా! మూడూ ఒకే తీరాన, ఒకే ఉప్పుగాలిలో నిలిచినవే. నిలబెట్టింది చెక్క బలం కాదు, "ఇది మాది" అన్న జనం మాట. మీ ఊళ్ళో అలా అనిపించుకోవలసినది ఏదో, ఒకసారి ఆలోచించండి.