ప్లాసిబో నమ్మకం, కదలికకు మెదడు చేసే సన్నాహం

మందు గుణం లేని మాత్రనో ఇంజెక్షన్‌నో మందని నమ్మి తీసుకున్నవారిలో కలిగే మార్పును ప్లాసిబో ప్రభావం అంటారు. దీని మీద తొలి పరిశోధనలు ఎక్కువగా నొప్పి చుట్టూ సాగాయి. నొప్పి తగ్గిందో లేదో రోగి చెబితేనే తెలుస్తుంది. కదలికను బయటినుంచి కొలవవచ్చు, దానికి ముందు మెదడు చేసే సన్నాహాన్ని కూడా.

ఆ సన్నాహాన్ని మొదట నమోదు చేసింది జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో కోర్న్‌హూబర్, డీకే అనే శాస్త్రవేత్తలు. వేలు ఎప్పుడు వంచాలన్నది పాల్గొన్నవారి ఇష్టానికే వదిలేశారు. మెదడు విద్యుత్ చలనాన్ని చూపే ఈఈజీని టేపు మీదికి ఎక్కించి, కదలిక క్షణం నుంచి వెనక్కి నడిపి చూశారు. కదలికకు దాదాపు సెకను ముందే మెల్లగా పెరిగే రుణ విద్యుత్ సంకేతం దొరికింది. 1965లో ప్రచురితమైన ఈ సంకేతమే సన్నద్ధతా పొటెన్షియల్.

ప్లాసిబోకూ కదలికకూ ఉన్న ముడి పార్కిన్సన్ వ్యాధిలో బయటపడింది. ఉప్పునీటి ఇంజెక్షన్‌ను మందనుకున్న రోగుల మెదడులో, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని 2001లో వాంకూవర్ బృందం చూపింది. 2004లో ఇటలీలోని ట్యూరిన్‌లో బెనెడెట్టి బృందం ఇంకా దగ్గరికి వెళ్ళింది. మెదడులో ఎలక్ట్రోడ్ అమర్చే శస్త్రచికిత్స సాగుతుండగానే ఉప్పునీరు ఇచ్చి, మెదడు లోతుల్లోని సబ్‌థాలమిక్ నాడీకణాల ఉద్ధృతి తగ్గడాన్ని, దాంతోపాటే చేతి బిగుతు సడలడాన్ని నమోదు చేసింది.

హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన రూపం బోర్గోహైన్ ప్రధాన రచయితగా 2014లో వెలువడిన, సాఫినమైడ్ అనే పార్కిన్సన్ మందు ప్రయోగం ప్లాసిబో మీద కాదు, మందు మీద. అయినా అందులో ప్లాసిబో వర్గం అంకె గమనించదగ్గది. ఇబ్బందిపెట్టే అసంకల్పిత కదలికలు లేకుండా మందు పనిచేసే సమయం సాఫినమైడ్ తీసుకున్నవారిలో రోజుకు సగటున సుమారు 1.36 గంటలు పెరిగితే, ప్లాసిబో వర్గంలోనూ 0.97 గంటలు పెరిగింది. ఇదంతా నమ్మకం చలవేనని అనలేం. వ్యాధికి సహజంగా ఉండే హెచ్చుతగ్గులూ ఇందులో కలుస్తాయి.

సన్నద్ధతా పొటెన్షియల్‌నే నేరుగా పరీక్షించింది 2015 నాటి ట్యూరిన్ అధ్యయనం. చూపుడువేలును పదేపదే వంచుతుంటే, ఏమీ తీసుకోనివారిలో అలసటా, ఆ సంకేతమూ కలిసి పెరిగాయి. కెఫీన్ అనుకుని ప్లాసిబో తీసుకున్నవారిలో సంకేతం పెరగలేదు, శ్రమ కూడా తక్కువనిపించింది. అంటే అలసటలో కొంత భాగం కండరంలో కాక, కదలికకు ముందటి దశలో పుడుతోందన్నమాట.

నమ్మకం ఒక్కటే చాలదని 2016లో అదే నగరం నుంచి వచ్చిన పరిశోధన తేల్చింది. అంతకుముందు అపోమార్ఫిన్ అనే మందు రుచి చూడని పార్కిన్సన్ రోగులకు ప్లాసిబో పనిచేయలేదు. అసలు మందు ముందుగా ఎన్నిసార్లు అందితే, థాలమస్ కణాలు ఉత్తుత్తి మందుకు అంత గట్టిగా స్పందించాయి.