‘లైవ్’ అంటే ఏ క్షణం? ప్రత్యక్ష వీక్షణ రూపకల్పన చరిత్ర

ఐపీఎల్ మ్యాచ్ జరుగుతున్న రాత్రి మీరు ఫోన్‌లో ఆట చూస్తున్నారనుకోండి. మీ తెరమీద బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు. ఈలోగా పక్కింట్లోంచి పెద్ద కేక వినిపించింది. వాళ్లు కేబుల్ టీవీలో చూస్తున్నారు. వికెట్ పడిందన్న సంగతి మీ కళ్లకంటే ముందు మీ చెవులకు తెలిసిపోయింది. మీ తెరమీదా ‘లైవ్’ అన్న గుర్తు ఉంది, వాళ్ల తెరమీదా ఉంది. మరి ఎవరి ‘ఇప్పుడు’ అసలైనది? ఇది ఇంజనీర్లు మాత్రమే తేల్చవలసిన ప్రశ్న అని అనుకోకండి. ‘ప్రత్యక్షం’ అనే మాటకు ఒక చరిత్ర ఉంది. తెరను రూపొందించినవారి నిర్ణయాలతో పాటు దాని అర్థం కూడా మారుతూ వచ్చింది.

మొదట రేడియో సంగతి చూద్దాం. 1924 ఫిబ్రవరి 5న బీబీసీ, గ్రీనిచ్ కాలాన్ని తెలిపే ‘పిప్’ ధ్వనులను ప్రసారం చేయడం ప్రారంభించింది. శ్రోతలు వాటిని విని గడియారాలు సరిచేసుకునేవారు. రేడియో తరంగం కాంతి వేగంతో ప్రయాణిస్తుంది కాబట్టి లండన్ శ్రోతకూ స్కాట్లండ్ శ్రోతకూ మధ్య తేడా లెక్కలోకి రానంత స్వల్పం. టెలివిజన్‌కూ ఇదే గుణం సంక్రమించింది. 1953 జూన్ 2న రెండవ ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని బ్రిటన్‌లో రెండు కోట్ల మందికి పైగా టీవీలో చూశారని అంచనా. సొంత టీవీ లేనివారు ఇరుగుపొరుగు ఇళ్లలో గుమిగూడారు. ఈ ఏకకాలికతను ఎవరూ ప్రత్యేకంగా రూపొందించలేదని గమనించండి. తరంగ స్వభావమే దాన్ని ఉచితంగా ఇచ్చింది. అవే పిప్‌లను ఈనాడు ఇంటర్నెట్‌లో వింటే ఆలస్యంగా చేరుతున్నాయి. వాటితో గడియారం సరిచేసుకోలేం.

మన అనుభవం కూడా ఒకటి చెప్పుకోవాలి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ సెట్లు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. కోళ్ల గూళ్లకు వాడే వంటి తీగవలతో చేసిన పెద్ద డిష్, ఊరందరికీ ఒకే సెట్టు. కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ముందే తీసినవే అయినా, చూడడం మాత్రం అందరూ ఒకే వేళకు. ఉపగ్రహం ఒకే చిత్రానికి రెండు ధ్వని మార్గాలను మోయగలిగేది. అంటే ఒకే బొమ్మను రెండు భాషల్లో వినిపించే వీలు అప్పటికే ఉంది. అయితే ఏ ఊరికి ఏ భాష అన్నది ప్రసారం చేసేవారే నిర్ణయించారు. 2018 ఐపీఎల్‌కు తెలుగు వ్యాఖ్యానం కూడా వచ్చింది. యాప్‌లో భాషను ఎంచుకునే మీట ప్రేక్షకుడి వేలి కిందికి చేరింది. రెండింటికీ మధ్య నలభై ఏళ్ల పైచిలుకు దూరం ఉంది.

ఇక స్ట్రీమింగ్‌లో ఆలస్యం ఎందుకు వస్తుందో తెలియాలి. ప్రసార తరంగం ఒక్కసారి బయలుదేరితే ఎందరైనా అందుకోవచ్చు. ఇంటర్నెట్‌లో అలా కాదు, ప్రతి ఫోనూ సర్వర్‌ను విడిగా అడిగి తెచ్చుకోవాలి. 2009లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో వీడియోను చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతారు. తొలిరోజుల్లో ఒక్కో ముక్క నిడివి దాదాపు 10 సెకన్లు. మూడు ముక్కలు చేతిలో ఉంచుకొని గాని బొమ్మ మొదలుపెట్టకపోవడం వాడుక. అక్కడే అర నిమిషం పోయింది! కానీ ఈ నిల్వ వల్లనే సిగ్నల్ తడబడినా బొమ్మ ఆగదు; నెట్ బలహీనపడితే తక్కువ నాణ్యత గల ముక్కకు మారి ఆట కొనసాగుతుంది. తక్షణం కావాలా, నిరంతరాయం కావాలా అన్న బేరంలో రూపకర్తలు రెండోదానికే మొగ్గు చూపారు. ముక్కలను చిన్నవి చేస్తూ ఆ తర్వాత జాప్యాన్ని తగ్గిస్తూ వచ్చారు గాని, బేరం మాత్రం తెగలేదు.

బీబీసీ ఐప్లేయర్ 2007 డిసెంబరు 25న జనంలోకి వచ్చినప్పుడు దాని ముఖ్యోద్దేశం తప్పిపోయిన కార్యక్రమాలను తర్వాత చూపించడం. ప్రత్యక్ష ఛానళ్లు తర్వాత చేరాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు బీబీసీ ఏకకాలంలో 24 వరకు ప్రత్యక్ష ప్రవాహాలను అందించింది. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఇన్నింటిలో ఏది చూడాలి? మధ్యలో వచ్చినవాడికి జరిగిన కథ ఎలా తెలియాలి? టైటిల్స్ అయ్యాక హాల్లోకి వచ్చినవాడు పక్క సీటువాణ్ని అడుగుతాడు. ఒంటరిగా ఫోన్ పట్టుకున్నవాడు ఎవరిని అడగాలి? ముఖ్య ఘట్టాలకు గుర్తులు, వెనక్కి జరిపే గీత, ‘మొదటి నుంచి చూడండి’ అనే మీట ఈ అవసరంలోంచి వచ్చాయి. వెనక్కి వెళ్లే దారి ఇచ్చాక తిరిగి ముందుకు రావడానికి ‘లైవ్‌కు వెళ్లండి’ అనే మీట కూడా పెట్టవలసి వచ్చింది. 1953 నాటి ప్రేక్షకుడికి ఆ మీట దేనికో అర్థమే కాదు. (బ్రిటన్ చట్టానికీ ‘లైవ్’ ముఖ్యమే. అక్కడ ఏ సేవలోనైనా ఛానల్‌ను ప్రత్యక్షంగా చూడాలంటే టీవీ లైసెన్సు ఉండాలి.)

రూపకల్పన అంటే తెరమీద కనిపించే రంగులు, మీటలు మాత్రమేనని అనుకునేవారికి 2019 జూలై 10 మంచి పాఠం. ఆ రోజు మాంచెస్టర్‌లో భారత్, న్యూజిలాండ్ ప్రపంచకప్ సెమీఫైనల్. హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ అయ్యాడు. ఆశ పోయింది. లక్షలాది మంది ఒక్కసారిగా ‘బ్యాక్’ మీట నొక్కారు. అలా నొక్కినవాళ్లు యాప్ మొదటి పేజీకి చేరతారు. ఆ పేజీ ఒక్కొక్కరికీ తగిన సిఫార్సులు వెతికిపెట్టాలి. వీడియో పంపే సర్వర్లకు భారం తగ్గిన క్షణంలోనే ఈ సర్వర్ల మీద భారం విరుచుకుపడింది. జనం వచ్చేటప్పుడే గాక వెళ్లేటప్పుడు కూడా ప్రమాదమే. రద్దీ మితిమీరినప్పుడు సిఫార్సుల వంటి అదనపు సేవలను ఆపేసి వీడియోను మాత్రం కాపాడుకునే ఏర్పాటు ఆ సంస్థ ఇంజనీర్లు ముందే చేసుకున్నారు. ఏది ముందు వదులుకోవాలో నిర్ణయించడమే ఇక్కడి అసలు రూపకల్పన అని నా అభిప్రాయం.

తెరమీద కనిపించే వీక్షకుల సంఖ్య, తేలిపోయే ఇమోజీలు కూడా ఇదే చరిత్రలో భాగం. తరంగం ఉచితంగా ఇచ్చిన ‘అందరం కలిసి చూస్తున్నాం’ అన్న భావనను ఇప్పుడు అంకెలతో, బొమ్మలతో తయారుచేయాలి. ఆ అంకెను మాత్రం జాగ్రత్తగా చదవండి. అది సంస్థ స్వయంగా ప్రకటించే లెక్క. అదీ ఒక క్షణంలో తెరిచి ఉన్న ప్రవాహాల లెక్క. పట్టాభిషేకం నాటి అంచనాతో గాని, కొన్ని ఇళ్ల నమూనాతో వేసే టీవీ రేటింగులతో గాని దాన్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆధారాల విషయంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. మ్యాచ్ వీడియో భద్రంగా ఉంటుంది. కాని మీ ఫోన్‌లో ఆ రాత్రి ఏ ప్రకటన వచ్చింది, ఏ భాష వినిపించింది, ఎన్ని సెకన్లు వెనకబడి చూశారు అన్నవి మీ పక్కవారి ఫోన్‌లో ఉన్నవి కావు. అలాంటి తెరను చూసింది చూసినట్టు ఎవరూ దాచడం లేదు. కనుక రాబోయే మ్యాచ్ రోజున ఈ అభ్యాసం చేయండి. ఒకే గదిలో కేబుల్ టీవీ ఒకటి, వేర్వేరు నెట్‌వర్కుల ఫోన్లు రెండు పెట్టుకోండి. ఒక ఓవర్‌లోని ఆరు బంతులూ ఏ తెరమీద ఎప్పుడు పడ్డాయో గడియారం చూసి రాయండి. తేదీ, యాప్ పేరు, ఎంచుకున్న భాష, కనిపించిన ప్రకటనలు కూడా చేర్చి ఆ కాగితాన్ని మీ నోట్సులో దాచుకోండి.